చెంచాడు సోయా గింజలు

బియ్యం కడిగే ముందు ఓక్‌బున్ చెయ్యి దానంతట అదే గూట్లోకి వెళ్తుంది. గూట్లో ఒక ఇత్తడి చెంచా. పక్కన మేకుకి ఒక తెల్లగుడ్డ సంచి. గిన్నెలో పోసుకున్న బియ్యంలోంచి ఇంట్లో మనిషికో చెంచా తీసి, ఆ మనిషి పేరు చెప్పుకుని సంచిలో వెయ్యాలి. ఆదివారం ఆ సంచి చర్చికి వెళ్తుంది. మురాన్ దీవిలో చర్చికెళ్ళే ప్రతి ఇంట్లోనూ జరిగే పనే. ఓక్‌బున్ అత్తగారు చేసేది, ఆవిడ పోయాక ఓక్‌బున్ చేస్తోంది.

చెంచా గోపురంలా నిండినా ఆమె అలాగే వెయ్యదు. చూపుడు వేలు అడ్డంగా జరిపి చదును చేసి వేస్తుంది. దేవుడి దగ్గరైనా కొలత కొలతే అంటుంది.

ఒక చెంచా కొడుకు గీహాన్‌కి. ఒకటి తనకి. అంతే. మొగుడి చెంచా ఆపేసి చాలా ఏళ్ళయింది.

మొగుడి పేరు దల్‌సూ. ఉప్పు బస్తాలు అమ్మి వస్తానని ఒక పొద్దున అవతలి ఒడ్డున ఉన్న మోక్పో పట్నానికి లాంచీ ఎక్కాడు. సాయంత్రం లాంచీ వచ్చింది, దల్‌సూ రాలేదు. చేపల మార్కెట్టు వెనక సందులో ఎవరో టోఫు అమ్ముకునే ఆడదానితో కాపురం పెట్టాడని తరవాత కబురొచ్చింది. ఓక్‌బున్ ఏడవలేదు. బియ్యం తీసింది. గీహాన్ పేరు చెప్పి ఒక చెంచా వేసింది. తన పేరు చెప్పి ఒకటి వేసింది. దల్‌సూ వంతు వచ్చేసరికి చెంచాని గిన్నెలోనే బోర్లించింది.

సంచిలో లేనివాడు పైన ఉన్నాయన దగ్గర కూడా ఉండడని ఆమె నమ్మకం. ఎవరితోనూ అనలేదు. కానీ ఇన్నేళ్ళూ ఆమెకి నిద్రపట్టించింది ఆ నమ్మకమే.

ఇప్పుడు ఆమెకున్నది గీహాన్ ఒక్కడు. ఉప్పు మళ్ళూ, ఉప్పు కొట్టూ తల్లీకొడుకులే చూసుకుంటారు. మళ్ళలో నీళ్ళు పెట్టడం, ఎండాక చెక్క పారతో ఉప్పు లాగడం, బస్తాలకెత్తి కొట్టులో పేర్చడం. మాటలు తక్కువ. ఇద్దరికీ అలవాటే.

*

చర్చి వంటింట్లో సంచులు విప్పేది మేంగ్ పెద్దమ్మ. సంచి విప్పి చేటలో పోసి, రాళ్ళుంటే ఏరి, పెద్ద జాడీలో ఒంపుతుంది. పాస్టరు గారింటికీ, పొయ్యి వెలగని ఇళ్ళకీ ఆ బియ్యమే వెళ్తుంది.

శరత్కాలం మొదట్లో ఒక ఆదివారం ఓక్‌బున్ సంచి చేటలో పోసి పెద్దమ్మ చెయ్యి ఆపింది. తెల్లటి బియ్యం మధ్య పసుపురంగులో, చెంచాడు సోయా గింజలు.

"గీహాన్ వాళ్ళమ్మా, మీ ఇంటికి ఎవరో చేరుతున్నారే" అంది. బియ్యంలో రాయి తగిలితే చెప్పినంత మామూలుగా అంది.

"కోడలే!" అంది ఇన్‌సుక్, ముల్లంగి తరుగుతూ. నోటికి మూత లేని మనిషి. "మావాడికి సంబంధం చూడు చూడు అని నన్ను తినేశారు కదా. ఇదిగో, పైనించే చూశారు."

"నేనెప్పుడూ చూడమన్లేదు."

"అయ్యో, మనసులో అనుకున్నారు లెండి. మొహంలో కనపడేది."

మిగతావాళ్ళు నవ్వారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పడవలు బాగుచేసే వాళ్ళింటి సంచిలో ఓసారి కొర్రలు వచ్చాయి. ఆ వచ్చే వసంతానికి కొండప్రాంతం నుంచి, వరిమడి ఎరగని ఊరి పిల్ల కోడలుగా వచ్చింది. ఇన్‌సుక్ వాళ్ళ సంచిలో జొన్నలు వచ్చాయి. తాగి తాగి రేవులోనే పడుండే మావగారు ఒకరోజు స్నానం చేసి, జొన్నసారా సీసా ఇసకలో ఒంపేసి, వచ్చి చర్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ గింజలు ఎవరు వేస్తారని ఎవరూ అడగరు. వర్షం ఎవరు కురిపించారని అడుగుతారా?

ఓక్‌బున్ మాత్రం గింజలు ఏరి చేతిరుమాల్లో మూట కట్టుకుంది.

"అవి కూడా జాడీలో వెయ్యాలి కదమ్మా" అంది పెద్దమ్మ.

"నేను వేసినవి కావు. నావి కానివి నేనివ్వను."

"ఇస్తున్నది నువ్వు కాదుగా" అని పెద్దమ్మ చేట దులిపేసింది.

ఇంటికెళ్తూ ఓక్‌బున్ ఒక్కొక్క మొహమే తలుచుకుంది. ఇన్‌సుక్ వేసిందేమో, ఆటపట్టించడానికి. పెద్దమ్మ వేసిందేమో, కొడుక్కి పెళ్ళి చెయ్యమని సూటిగా అనలేక. ఇంట్లో సోయా గింజ ఒక్కటి లేదు. ఉన్నా బియ్యం గూటి దగ్గరికి రాదు.

ఆ వారం సంచి మూతిని తనే ఉప్పు బస్తాకి వేసే ముడి వేసి కట్టింది. ఆ ముడి ఆమె తప్ప ఎవరూ విప్పలేరు. ఆదివారం పెద్దమ్మ విప్పలేక సంచి ఆమెకే ఇచ్చింది. ఓక్‌బున్ స్వయంగా విప్పి స్వయంగా పోసింది. సోయా గింజలు.

"ముళ్ళు మాకు, ఆయనకి కాదు" అని ఇన్‌సుక్ కిసుక్కుమంది.

*

అప్పట్నించి ఓక్‌బున్ కొడుకుని చూడ్డం మొదలుపెట్టింది.

చూడగా చూడగా కనపడ్డవి. గీహాన్ గురువారం గురువారం మోక్పో వెళ్తున్నాడు. ఎప్పట్నించో వెళ్తున్నాడు, రబ్బరు బూట్లకని, పంపు వాషర్లకని. కానీ ఉప్పు పని అయిపోయి మళ్ళు ఎండిపోయిన కాలంలో వాషర్లెందుకు? వెళ్ళేటప్పుడు శుభ్రంగా గడ్డం గీసుకుంటాడు. వచ్చేటప్పుడు చొక్కాకి ఆవిరి వాసన, ఉడికిన పప్పు వాసన లాంటిది.

"మోక్పోలో ఏముందిరా?" అంది ఒక రాత్రి అన్నాల దగ్గర.

"పని."

"ఏం పని?"

"అమ్మా, అన్నం తిననీ."

"మీ నాన్న కూడా సరిగ్గా ఇదే మాట అనేవాడు."

గీహాన్ చెంచా కింద పెట్టాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి మూసుకున్నాడు. కిమ్చీ పచ్చడి గిన్నె ఆమె వైపు జరిపి లేచి వెళ్ళిపోయాడు.

లాంచీ ఒకసారి ఆమె ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకుపోయింది. రేవులో నిలబడి ఎదురుచూసిన ఆ సాయంత్రం ఇంకా ఆమె కాళ్ళలోనే ఉంది. ఇంటికి ఒక మనిషి చేరుతుందంటే అందరూ నవ్వుతున్నారు. చేరే మనిషి ఉన్న ఒక్కణ్ణీ పట్టుకుపోతే? అది ఎవరూ ఆలోచించరేం?

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చర్చి పెరట్లో క్యాబేజీలకి గడ్డితాళ్ళు చుడుతున్నారు. చలికి ఆకులు విచ్చుకోకుండా కట్టాలి.

ఓక్‌బున్ రుమాలు మూట అరుగు మీద పెట్టింది. "ఇవి వెనక్కి ఇచ్చెయ్యాలండీ."

"ఎవరికమ్మా?"

"అదే మిమ్మల్ని అడుగుతున్నా."

ఆయన నడుం పట్టుకుని లేచారు. మూట విప్పలేదు. "తాడు ఆ చివర పట్టుకోండి" అన్నారు. ఆమె పట్టుకుంది. ఆయన ముడి వేశారు.

"నా ఇంటికి మనిషిని చేర్చేటప్పుడు నన్నడగొద్దా? దేవుడైనా సరే" అంది ఓక్‌బున్.

"నన్నూ అడగలేదమ్మా. నేను పేకాటలో మా నాన్న పొలం పోగొట్టినవాణ్ణి. అప్పుడు నన్ను పిలవడానికి ఎవరికీ కారణం లేదు. మా అమ్మకి కూడా. దేవుడెందుకు పిలిచాడో ఇప్పటికీ తెలీదు. కృప అంటే మనం చీటీ రాసిస్తే ఇచ్చే రేషన్ కాదు కదా."

"చీటీ రాసేవాళ్ళూ ఉండాలిగా. నా ఇంటి చెంచాలు నేనే వేస్తున్నాను. వాన పడ్డా, జ్వరమొచ్చినా ఆపలేదు."

పాస్టరు గారు ఇంకో తాడు అందుకున్నారు. "మీరు వేస్తేనే వాళ్ళు ఉన్నారంటారా?"

ఆమె తాడు చివర వదిలేసి మూట తీసుకుని వచ్చేసింది. ఈయన మీద కూడా నమ్మకం పోయింది. మగవాళ్ళంతా ఒకటే, గీహాన్ ఈయనతో ఏదో చెప్పుకునే ఉంటాడు అనుకుంది.

*

కోతల కృతజ్ఞత పండగ వారంలో ఇన్‌సుక్ ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వచ్చింది.

"గీహాన్ వాళ్ళమ్మా, చేదు నీళ్ళు కావాలి. చర్చిలో టోఫు చేస్తున్నాం. సోయా పాలు విరగాలంటే మీ కొట్టు నీళ్ళే ఉండాలి. దుకాణంలో పొడి వేస్తే రబ్బరులా సాగుతుంది, ముసలాళ్ళు నమల్లేక నన్ను తిడతారు."

ఉప్పు కొట్టులో బస్తాలు చెక్కల మీద పేర్చి ఉంటాయి. ఏడాదుల తరబడి వాటిలోంచి చేదంతా బొట్టుబొట్టుగా కారి, కాలవలో పడి, కింద పాతిన జాడీలోకి చేరుతుంది. చేదు కారిపోయిన ఉప్పుకే మోక్పోలో గిరాకీ. కారిన నీళ్ళని పట్టించుకునేవాళ్ళు లేరు. జాడీ ఎప్పుడూ అంచుదాకా ఉంటుంది.

ఓక్‌బున్ మూత తీసింది. నీళ్ళు అడుక్కి ఉన్నాయి.

"ఇదేంటి, ఎవరికిచ్చారు ఇన్ని?" అంది ఇన్‌సుక్, తల లోపలికి పెట్టి. మాట జాడీలో మోగింది.

ఓక్‌బున్ అక్కడే కింద కూర్చుండిపోయింది. చేదు నీళ్ళు. సోయా గింజలు. ఆవిరి వాసన. గురువారం.

టోఫు.

చేపల మార్కెట్టు వెనక సందు.

"ఏమైందండీ? మొహం అలా అయిపోయింది? పోనీ ఈసారి పొడే వేస్తాం లెండి, దానికేం..."

"డబ్బా ఇటివ్వు" అంది ఓక్‌బున్. అడుగున ఉన్న నీళ్ళు మగ్గుతో తోడి ఇచ్చింది. సగం నేల మీద పోయాయి.

*

గురువారం దాకా ఆగలేదు. బుధవారం పొద్దున, గీహాన్ గట్లు సరిచెయ్యడానికి మళ్ళలోకి వెళ్ళగానే, మంచి కోటు వేసుకుని లాంచీ ఎక్కింది. చేతిసంచిలో రుమాలు మూట. వారం వారం ఏరి దాచిన గింజలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ఆ మనిషి మొహాన కొట్టాలి. కొట్టి, నా కొడుకుని వదిలెయ్యి అనాలి. దారి పొడుగునా ఈ ఒక్క మాటే సాధన చేసుకుంది.

ఆ మనిషి ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఆమె బాగా తయారుచేసుకుని పెట్టుకుంది. ఎర్రటి పెదాలు, ఉంగరాలు తిప్పిన జుట్టు, నవ్వు.

సందులో సగం కొట్లకి తాళాలు. గోడల మీద ఎర్రరంగు గుర్తులు. చివరి కొట్లోంచి ఆవిరి వస్తోంది. లోపల పెద్ద మూకుడు దగ్గర, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, రబ్బరు ఏప్రన్, నడుం ఒంగిపోయిన ఒక ముసలావిడ. ఓక్‌బున్ కన్నా పెద్దది. రెండు కళ్ళలోనూ పాలపొర.

ఆవిడ పనిమనిషి అనుకుంది ఓక్‌బున్. యజమానురాలు బయటికి వచ్చేదాకా చూద్దామని నిలబడింది. ఎవరూ రాలేదు.

"టోఫుకేనా? వేడిగా ఉంది. తింటారా, కట్టివ్వనా?" అంది ఆవిడ, అడుగుల చప్పుడు వైపు తిరిగి.

"తింటాను" అంది ఓక్‌బున్. సాధన చేసిన మాట రాలేదు.

గిన్నెలో ముక్క, పైన సోయా సాసు. ఓక్‌బున్ నోట్లో పెట్టుకుంది. తన ఉప్పు కొట్టు చేదు నీళ్ళతో చేసిందే. నాలిక మీద మెత్తగా కరిగిపోయింది. చేదు ఎక్కడా లేదు. అదే ఆమెకి కోపం తెప్పించింది.

గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఆవిడ వేళ్ళు ఓక్‌బున్ అరచేతికి తగిలాయి. పగుళ్ళ మీద ఆగాయి.

"ఉప్పు మళ్ళ చెయ్యి" అంది ఆవిడ. కాస్త ఆగి, "గీహాన్ వాళ్ళమ్మ గారేనా?"

"నువ్వు పిల్యేవా?" ఎప్పుడో కబురులో విన్న ఆ పేరు పలకడం అదే మొదటిసారి.

"నేనే. తిట్టడానికొచ్చారా? కూర్చుని తిట్టండి, లాంచీ ఎక్కి వచ్చారు."

"నా కొడుకుని ఎందుకు పిలిపించుకుంటున్నావు?"

"పిలవలేదండీ. ఆయన పోయేటప్పుడు ఒక్కసారి ఫోన్ చేశాను. తరవాత తనే వస్తున్నాడు. నీళ్ళు తెచ్చిస్తాడు, గింజలు రుబ్బిపెడతాడు. వద్దంటే వినడు."

"ఎవరు పోయేటప్పుడు?"

మూకుట్లో నురగ పొంగింది. పిల్యే గరిటె అందుకుని, చూడకుండానే, నురగ తీసి పక్కన పోసింది. మళ్ళీ తీసింది.

"చెప్పలేదా అబ్బాయి" అంది మెల్లిగా. "కిందటేడు చలికాలం. ఊపిరితిత్తుల్లో నీరు. గీహాన్ వచ్చేసరికి ఇంకా మాట ఉంది. మీకు తనే చెప్తానన్నాడు. చెప్పలేకపోయాడన్నమాట."

ఓక్‌బున్ గోడకి చెయ్యి ఆనించింది. బోర్లించిన చెంచా కళ్ళ ముందు కనపడింది. నేనే, అనుకుంది. నేనే ఆపేశాను.

"తిట్టుకుంటూ పోయాడా? భయపడ్డాడా?" అంది.

"లేదు. పాటలు పాడేవాడు. మీ చర్చి పాటలు. గొంతు ఏముంది పాపం, పిల్లికూత. అయినా పాడేవాడు. ఒక మాట అంటుండేవాడు, నాకు అర్థమయ్యేది కాదు. 'మా ఆవిడ నా చెంచా ఆపేసి ఉంటుంది. అయినా ఎవరో వేస్తూనే ఉన్నట్టున్నారే' అని. అని నవ్వేవాడు."

ఓక్‌బున్ గోడ మీంచి చెయ్యి తీసేసింది.

పిల్యే రేపటికి గింజలు నానబెట్టే వేళయింది. బస్తాలోంచి సోయా గింజలు బేసినులో పోసింది. నీళ్ళు పొయ్యబోయే ముందు గోడ మీంచి ఒక చెంచా తీసింది. బేసినులోంచి చెంచాడు గింజలు తీసి, పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో వేసింది. పెదాలు కదిలాయి.

ఓక్‌బున్ దగ్గరికి జరిగింది. "అదేంటి?"

"ఇదా?" పిల్యే సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ఆయన చెప్పాడు. మీ ఇంట్లో వండే ముందు మనిషికో చెంచా తీస్తారటగా. నా వంటకి బియ్యమెక్కడ, పొద్దస్తమానం గింజలే. అందుకని గింజలు తీస్తున్నా."

"ఎవరికి?"

"మీకు."

మూకుట్లో పాలు బుడబుడమంటున్నాయి.

"మీరు నాకోసం వెయ్యరని తెలుసు. ఎలా వేస్తారు? పోనీ నేను మీకోసం వేద్దామనుకున్నా. ప్రార్థనలు అవీ రావు నాకు. ఉప్పు మళ్ళలో ఆవిడ మోకాళ్ళు నొప్పి పుట్టకూడదు, చల్లగా ఉండాలి, అంటాను. అంతే. నిండితే మీ చర్చికి పంపాలని. కానీ ఈ డబ్బా ఎంతకీ నిండదండీ. వేసింది వేసినట్టే పోతుంది. మొదట్లో ఎలకలనుకున్నా."

"ఎలకలు కావు" అంది ఓక్‌బున్.

ఆ ఒక్క మాట అని, సంచి పట్టుకుని బయటికి వచ్చేసింది.

*

లాంచీ సాయంత్రానికి గానీ లేదు. ఓక్‌బున్ రేవులో తాళ్ళ చుట్ట మీద కూర్చుంది.

ఇదంతా ఒక ఎత్తు, అనుకుంది. గీహాన్ చెప్పి ఉంటాడు గింజల సంగతి. దీవంతా తెలిసిందే కదా. ముసల్ది కట్టుకథ అల్లింది, గుడ్డిదని జాలిపడతానని. సంచిలోంచి మూట తీసింది. గింజ ఒకటి తీసి వెలుగులో చూసింది. గింజ మొలకెత్తే కన్ను దగ్గర నల్లటి గీత. సందులో బేసినులో చూసిన గింజలకీ అదే గీత. అయినా నమ్మలేదు. గీహాన్ తెచ్చి వేసి ఉండచ్చు.

వేసి ఉండచ్చా? ముడి కట్టిన సంచిలో?

ఆమెకి హఠాత్తుగా అనుమానించడానికి మనుషులు అయిపోయారు.

మిగిలింది ఒక్కడే, పైన ఉన్నాయన. ఆయన మీద అనుమానం రాగానే మిగతాదంతా వరసగా కూర్చుంది. తను ఇంటిని సంచిలో మోస్తున్నాననుకుంది. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని తీసెయ్యాలో తన చేతి చెంచాలో ఉందనుకుంది. తీసేసినవాడు పాట పాడుకుంటూ వెళ్ళాడు. తను ఎవరి పేరు తలవకుండా పళ్ళు బిగించిందో ఆ మనిషి రోజూ తన పేరు తలుస్తోంది. తన పక్కన ఇన్నేళ్ళూ ఇంకో చెయ్యి ఉంది. దానికి చదును చెయ్యడం రాదు. వద్దన్న కొద్దీ వేస్తుంది.

చేరబోయే మనిషి కోసం తను వాకిలి కాపలా కాసింది. వాకిలి తనది కాదేమో.

సముద్రం మీంచి గాలి కొట్టింది. కోటు బొత్తాలు పెట్టుకుంది. కొంచెం ఏడ్చింది. ఎవరికోసమో తెలీలేదు.

తరవాత లేచి మళ్ళీ సందులోకి నడిచింది.

పిల్యే టోఫు చెక్కలు కడుగుతోంది. ఓక్‌బున్ మాట్లాడకుండా వెళ్ళి బిస్కెట్ల డబ్బా మూత తీసింది. ఖాళీ. ఇందాక కళ్ళ ముందు వేసిన చెంచాడు కూడా లేదు. రుమాలు విప్పి గింజలన్నీ అందులో ఒంపింది. గలగలమన్నాయి.

పిల్యే చెయ్యి ఆగింది. "అవి ఎక్కడివి?"

"నాకొచ్చినవి" అంది ఓక్‌బున్.

పిల్యే వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టింది. గింజల్ని వేళ్ళతో తడిమింది. ఏమీ అడగలేదు. ఆవిడ కూడా అడిగే రకం కాదని ఓక్‌బున్‌కి అర్థమైంది.

"గోడల మీద ఆ ఎర్రరంగు ఏంటి?"

"సందు కొట్టేస్తున్నారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నన్ను కొండల అవతల ఎక్కడో ముసలాళ్ళ ఆశ్రమంలో పెడతారట. మంచిదే, అన్నం పెడతారు."

"గీహాన్‌కి తెలుసా?"

"తెలుసు. మీకు చెప్తానని గింజుకుంటున్నాడు. నేనే వద్దన్నాను. మీ దగ్గర తీసుకున్నది చాలు."

గీహాన్ నోరు తెరిచి మూసుకున్న ఆ రాత్రి గుర్తొచ్చింది. కిమ్చీ గిన్నె తన వైపు జరిపిన చెయ్యి గుర్తొచ్చింది.

ఓక్‌బున్ కొట్టంతా ఒకసారి చూసింది. తిరగలి. మూకుడు. చెక్క అచ్చులు. సగం బస్తా గింజలు.

"చేదు నీళ్ళు దీవిలో ఉన్నాయి. వారం వారం మోసుకురావడం ఏం పని? వాడి నడుం విరుగుతుంది. గింజలు మొయ్యడమే తేలిక" అంది.

పిల్యేకి అర్థం కాలేదు. "గింజలు ఎక్కడికండీ?"

"నీ బట్టలెక్కడ పెట్టావు?"

"గీహాన్ వాళ్ళమ్మ గారూ..."

"నాకు నీ మీద నమ్మకం లేదు. అది ముందే చెప్తున్నా. మా ఇంట్లో గది చిన్నది. పొగ వస్తుంది. నీతో కబుర్లాడను."

"సరే" అంది పిల్యే. తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"లాంచీ వేళవుతోంది. ఆ డబ్బా మర్చిపోకు."

*

మురాన్ రేవులో గీహాన్ తోపుడుబండితో నిలబడి ఉన్నాడు. తల్లి లేదని మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు. లాంచీలోంచి తల్లి దిగింది. వెనక ఆమె కోటు చెయ్యి పట్టుకుని ఇంకో మనిషి దిగింది. గీహాన్ బండి వదిలేశాడు.

"అమ్మా... నేను చెప్దామనే..."

"మాట్లాడకు. ఆ బస్తా అందుకో."

అందుకున్నాడు. అందుకుంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెద్ద మగాడు, చిన్నపిల్లాడిలా చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఓక్‌బున్ చూడనట్టు ముందు నడిచింది.

ఆ ఆదివారం చర్చి వంటింట్లో మేంగ్ పెద్దమ్మ ఓక్‌బున్ సంచి చేటలో పోసింది. వేలితో అటూ ఇటూ కదిపింది. అంతా బియ్యమే.

"వచ్చేసినట్టున్నారే" అంది.

ఇన్‌సుక్ నోరు తెరిచింది. తలుపు బయట, చెప్పులు విప్పి ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకుని నిలబడ్డ ముసలావిడ కనపడింది. ఆవిడ ఎవరో ఇన్‌సుక్‌కి తెలుసు. దీవిలో అందరికీ తెలుసు. జీవితంలో మొదటిసారి ఇన్‌సుక్ నోట్లోంచి మాట రాలేదు. వెళ్ళి ఆవిడ చేతిలో చెప్పులు తీసుకుని, ఓక్‌బున్ చెప్పుల పక్కన పెట్టి వచ్చింది.

మర్నాడు పొద్దున ఓక్‌బున్ బియ్యం తీసుకుని గూటి దగ్గరికి వెళ్ళింది. సంచి మేకుకి కొద్దిగా ఊగుతోంది. చెయ్యి పెట్టి చూసింది. అడుగున అప్పటికే ఒక చెంచా బియ్యం. వెచ్చగా లేదు, మెరుస్తూ లేదు. ఉత్త బియ్యం. పక్కగదిలో, గీహాన్ మోసుకొచ్చిన తిరగలి మొదలైంది. ముసల్ది తనకన్నా ముందే లేచింది.

నా వంటింట్లో నన్నడక్కుండా చెయ్యి పెట్టిందా, అనుకుంది.

గీహాన్ పేరు చెప్పి ఒక చెంచా వేసింది. తనకి వేసుకోలేదు. తన వంతు అప్పటికే అడుగున పడి ఉంది కదా. ఇంకో చెంచా తీసింది. పేరు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు ఇంకా. చెంచా గోపురంలా నిండి ఉంది. అలవాటుగా వేలు ఎత్తింది, చదును చెయ్యడానికి.

వేలు అలాగే ఆగింది.

తిరగలి తిరుగుతూనే ఉంది. ఓక్‌బున్ చెంచాని ఉన్నదున్నట్టు సంచిలోకి ఒంపేసింది. రెండు గింజలు కింద పడ్డాయి. వంగి, మోకాళ్ళు పట్టుకుని, వాటినీ ఏరి వేసింది.